పలక చెరిపే ముందు

మా నాన్నగారు ఒక కిరాణా కొట్టులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా పనిచేశారు. పగలంతా అరువు బేరాలూ, చిల్లర లెక్కలూ పలక మీద వేసుకునేవారు. రాత్రి కొట్టు కట్టేసే ముందు వాటిని చిట్టాలోకి ఎక్కించి, పలకను తడిగుడ్డతో తుడిచి, గోడకు ఆనించి ఇంటికి వచ్చేవారు. పలక మీది లెక్కను దాచుకునేవాడు ఉండడు, చిట్టాను పారేసేవాడూ ఉండడు. కంప్యూటరులో తాత్కాలిక ఫైళ్ళకూ అసలు ఫైళ్ళకూ ఉన్న తేడా దాదాపు ఇదే. గుమాస్తాగారి కొడుకునై ఉండీ ఇంత చిన్న సంగతి నాకు బోధపడేసరికి చేతులు కాలాయి.

లినక్సు వాడే మిత్రులకు తెలిసిన విషయమే అయినా మరొకమారు చెప్పుకుందాం. ప్రోగ్రాములు తమ పని సులువు కోసం రకరకాల ఫైళ్ళు సృష్టించుకుంటాయి. బ్రౌజరు తాను చూపించిన బొమ్మలను క్యాష్‌లో పెట్టుకుంటుంది. లిబ్రె ఆఫీసు ఒక పత్రాన్ని తెరిచినప్పుడు దాని పక్కనే తాళం లాంటి చిన్న ఫైలునొకదాన్ని ఉంచుతుంది. 'టీఎంపీ' అనే మూడక్షరాల డైరెక్టరీ ఉన్నదే ఇటువంటి వాటి కోసం. అందులో పెట్టినది రేపటికి ఉంటుందని ఏ ప్రోగ్రామూ నమ్ముకోకూడదన్నది నియమం. కొన్ని లినక్సు పంపిణీలలో ఆ డైరెక్టరీ మెమరీలోనే ఉంటుంది కనుక, యంత్రాన్ని ఆపగానే అందులోనివన్నీ మాయమవుతాయి.

వీటిని రోజూ బ్యాకప్పులోకి ఎక్కించడం దండగ. పైగా క్యాష్ ఏ రోజుకారోజు మారిపోతూ ఉంటుంది. మారినవాటిని మాత్రమే కొత్తగా నకలు తీసే పద్ధతిలో కూడా ప్రతి రాత్రీ ఈ చెత్తే ముందు వరుసలో నిలబడుతుంది. కాబట్టి వీటిని మినహాయించడం మంచి అలవాటే. నా పొరపాటు మినహాయించడంలో లేదు, మినహాయించిన తీరులో ఉంది.

నేను వాడేది ఆర్‌సింక్. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో లోకానికి ఇచ్చిన ఈ పనిముట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వదిలేయవలసినవాటి జాబితాను ఒక ఫైలులో రాసి దానికి అప్పగించవచ్చు. నా జాబితాలో మూడే పేర్లు ఉండేవి: టీఎంపీ, క్యాష్, ట్రాష్. ప్రతి పేరు చివరా, అది డైరెక్టరీ అని తెలిసేటట్టు ఒక స్లాష్. రోజూ రాత్రి రెండు గంటలకు యంత్రం మొత్తం మరో డిస్కులోకి నకలయ్యేది. నేను నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణి.

2018 డిసెంబరులో ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు, అటక మీది ట్రంకుపెట్టెలో నాన్నగారి పుస్తకం ఒకటి దొరికింది. కొట్టు లెక్కలది కాదు, ఆయన సొంతానిది. ఎవరికి ఎంత చేబదులిచ్చారో, అందులో ఎవరి బాకీ ఎందుకు కొట్టేశారో ఒక్కొక్క వాక్యంలో రాసుకున్నారు. కూతురి పెళ్ళి అని ఒకచోట, ఎద్దు చచ్చిపోయిందని మరొకచోట. మొత్తం నలభై మూడు పేజీలు. అంచుల్లో చెదలు పట్టింది. అక్కయ్య ఇంట్లో కూర్చుని అన్నింటినీ స్కాన్ చేశాను. పేజీలను సరిచేసి, పేర్లు పెట్టి, ఆ తరవాత సరైన చోట దాచుకుందామని అప్పటికి నా హోమ్ డైరెక్టరీలో ఒక ఫోల్డరులో పడేశాను. దానికి పెట్టిన పేరు టీఎంపీ.

ఆ వచ్చిన భోగినాడు, 2019 జనవరిలో, పాత తట్టలూ విరిగిన పీటలతో పాటు ఆ పుస్తకాన్ని కూడా మంటలో వేశాను. "ఉండనీరా, మీ నాన్న చేతిరాత" అంది అమ్మ. "చెదలు మిగతావాటికి పాకుతాయమ్మా. కంప్యూటరులోకి ఎక్కించేశాను కదా" అన్నాను. అమ్మ మరి మాట్లాడలేదు.

'ఆ తరవాత' అన్నది రెండేళ్ళు రాలేదు. 2021లో డిస్కు పోయింది. కొత్తది బిగించి బ్యాకప్పు నుంచి అన్నీ వెనక్కు తెచ్చుకున్నాను. ఫొటోలు వచ్చాయి, ఉత్తరాలు వచ్చాయి, సగం రాసి వదిలేసిన కథలు కూడా వచ్చాయి. నాన్నగారి పుస్తకం రాలేదు.

కారణం తెలియడానికి పది నిమిషాలు పట్టలేదు. ఆర్‌సింక్‌లో పేరుకు ముందు కూడా స్లాష్ పెడితే, నకలు మొదలయ్యే చోటనే ఉన్న ఆ ఒక్క డైరెక్టరీని వదిలేస్తుంది. ముందు స్లాష్ లేకపోతే ఆ పేరుగల డైరెక్టరీ ఎంత లోతున కనబడినా వదిలేస్తుంది. నేను ముందు స్లాష్ పెట్టలేదు. అది నేను చెప్పినట్టే చేసింది.

ఇంకొక చిత్రం ఉంది. నా జాబితాలో 'క్యాష్' అని రాసుకున్నాను గానీ, హోమ్ డైరెక్టరీలోని అసలు డైరెక్టరీ పేరు ముందు ఒక చుక్క ఉంటుంది. ఆ చుక్కను నేను మరిచిపోయాను. అందువల్ల వదిలేయవలసిన క్యాష్ అంతా రెండేళ్ళపాటు భద్రంగా బ్యాకప్పులోకి ఎక్కుతూ వచ్చింది. ఫోల్డరును తెరిచి చూసినప్పుడు కనిపించే చిట్టిబొమ్మలు ఉండేది అందులోనే. వాటి పేర్లు అర్థంలేని అంకెలూ అక్షరాలే అయినా, ఏ ఫైలుకు బొమ్మో ఆ చిరునామా బొమ్మలోపలే రాసి ఉంటుంది. ఒక రాత్రంతా కూర్చుని వెదికితే నలభై మూడూ వరుసగా దొరికాయి. అసలును చూసి ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ చేసుకోగలిగిన నీడలు దక్కాయి, అసలు పోయింది.

పెద్దవైపు 256 చుక్కలకు మించని బొమ్మలవి. ఎంత పెంచి చూసినా పేరు తెలియదు, మొత్తం తెలియదు, కారణం తెలియదు. వరుసలు మాత్రం తెలుస్తాయి. కొట్టేసిన బాకీల మీద అడ్డగీతలు తెలుస్తాయి. ప్రతి పేజీ నెత్తిన కాస్త పెద్దగా రాసిన 'శ్రీ' ఒక్కటే చదవడానికి వస్తుంది.

ఇప్పుడు నా జాబితా మారింది. ముందు స్లాష్ ఉంది, ఉండవలసిన చోట చుక్క ఉంది. జాబితాలో ఒక్క అక్షరం మార్చినా, ముందు ఉత్తుత్తి నకలు నడిపి చూస్తాను. 'వీ' అనే ఐచ్ఛికాన్ని రెండుసార్లు ఇస్తే, ఏ డైరెక్టరీని ఏ సూత్రం వల్ల దాచిపెట్టిందో ఆర్‌సింక్ ఒక్కొక్క వరుసలో చెబుతుంది. ఆ వరుసలు చదవడానికి నాకు ఇదివరకు తీరిక ఉండేది కాదు. విమ్ ఎడిటరు రాసుకునే స్వాప్ ఫైళ్ళను మాత్రం వదిలేయడం లేదు. పేరుకు అవి తాత్కాలికమే, కానీ ఇంకా భద్రపరచని నాలుగు వాక్యాలు వాటిలోనే ఉండవచ్చు. పేరు చూసి తీర్పు చెప్పడం మానేశాను. ఇది పోతే మళ్ళీ పుట్టించగలనా అని మాత్రమే అడుగుతున్నాను.

చిన్నప్పుడొకసారి సాయంత్రం కొట్టుకు వెళ్ళి, సాయం చేద్దామని నాన్నగారి పలక తుడిచేశాను. ఆయన కొట్టలేదు. "చెరపడం తప్పు కాదు నాన్నా, చిట్టాకెక్కిందా లేదా చూసుకుని చెరపాలి" అని, ఆ రోజు బేరాలను గుర్తు తెచ్చుకుంటూ మళ్ళీ మొదటినుంచీ రాసుకున్నారు. ఆయనకు గుర్తుండేవి.

మిత్రులారా, మీ జాబితాలను కూడా ఈ రాత్రికి ఒకసారి తెరిచి చూసుకోండి.