సెలవుల ప్రయాణం

మా వూరు బరంపురం. 1936లో ఒరిస్సా రాష్ట్రం యేర్పడక ముందు యిది మద్రాసు రాజధానిలోని వూరు. సరిహద్దు మారినా మా యిళ్ళలో తెలుగు మారలేదు; పిల్లలు యెక్కడ చదువుతున్నా సంక్రాంతికి యింటికి రావాలన్న పట్టింపూ మారలేదు. కటకంలో చదివేవాడైనా సరే, విశాఖపట్నంలో చదివేవాడైనా సరే, భోగినాటికి రైలు దిగవలసిందే. ఆ పట్టింపులో పుట్టి పెరిగిన మేము, మా అబ్బాయిని అమెరికా పంపిన మొదటి యేడాదే దాన్ని మరచిపోయాము. యెలా మరచామో చెప్పుకొంటే, పిల్లలను పంపబోయే మన సంఘం కుటుంబాలకు కొంతయినా పనికివస్తుందని యిది వ్రాస్తున్నాము.

2023 ఆగస్టులో బయలుదేరినప్పుడు వాడికి పద్ధెనిమిదేళ్ళు యింకా నిండలేదు. ఇండియానా రాష్ట్రంలో వొక చిన్న వూళ్ళో కళాశాల. పంపేముందు మేము వెయ్యి సంగతులు విచారించాము: ఫీజు, చలికోటు, కుక్కరు, పచ్చళ్ళ సీసాలు. సెలవుల్లో వాడెక్కడ వుంటాడన్న ప్రశ్న మాత్రం మాకు తట్టనేలేదు. సెలవులంటే యింటికి రావడమే గదా, అందులో విచారించడానికేమున్నది?

నవంబరులో టిక్కెట్టు ధర చూసేసరికి గుండె ఝల్లుమన్నది. క్రిస్మస్ ముందు అందరికీ ప్రయాణాలే గనుక, మామూలు రోజుల ధరకు దగ్గర దగ్గర రెట్టింపు పలుకుతోంది. కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క వేశాము. సెలవు నాలుగు వారాలు; రాకపోకలకు నాలుగు రోజులు పోగా మిగిలేది యిరవై నాలుగు. టిక్కెట్టు సొమ్మును ఆ యిరవై నాలుగుతో భాగించి చూశాము. భాగించకూడని దానిని భాగించడమే మేము చేసిన మొదటి తప్పు.

"యీసారికి అక్కడే వుండరా, వేసవిలో వద్దువుగాని" అన్నాము ఫోనులో. వాడు వొక్క క్షణం ఆగి, "సరే, ఫరవాలేదు" అన్నాడు. ఆ మాటతో మా మనసు తేలికపడింది.

వాడి నాయనమ్మను యింటిల్లిపాదీ మామ్మ అనే పిలుస్తాము. ఆవిడ మాత్రం, "ఆకలి లేదన్న పిల్లాడి మాట నమ్మి కంచం తీసేస్తామా?" అన్నది. పెద్దవాళ్ళ చాదస్తమని వూరుకొన్నాము.

భోగి తెల్లవారుజామున మంట వేసి, ఫోను పట్టుకొని వాడికి చూపించాము. మాకు ఆరున్నర అయితే వాడికి ముందురోజు రాత్రి యెనిమిది. నవ్వుతూ చూశాడు. వాడి వెనుక కనబడే గోడ వాడి గది గోడ కాదు. మంట చూపించే సంబరంలో ఆ గోడను మేము చూడలేదు.

అసలు సంగతి మార్చిలో బయటపడింది. వేసవి మాట వచ్చినప్పుడు వాడే నోరు జారి, "యీసారి సోఫా దొరుకుతుందో లేదో" అన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. శీతకాలపు సెలవుల్లో హాస్టలూ, భోజనశాలా రెండూ మూసేస్తారట. వుండదలచినవారు ముందుగా వ్రాసి యిచ్చి, వేరే సొమ్ము కట్టాలి. మేము "అక్కడే వుండు" అనేనాటికి ఆ గడువు దాటిపోయింది. పై తరగతి పిల్లలు నలుగురు అద్దెకున్న యింట్లో సోఫామీద పడుకొన్నాడు. వాళ్ళూ తలా వొక వూరు వెళ్ళిపోగా, చివరి పది రోజులూ ఆ యింట్లో వొంటరిగా వున్నాడు. బయట మంచు, నడిచివెళ్ళే దూరంలో వొకే వొక దుకాణం. "చెప్పలేదేమిరా?" అంటే, "చెబితే మీరు బాధపడతారుగా" అన్నాడు. ఆ రాత్రి మా యింట్లో యెవరూ అన్నం ముట్టలేదు.

మా వూళ్ళో పుట్టిన వి.వి. గిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్ళేటప్పటికి పందొమ్మిదేళ్ళ కుర్రవాడు. 1916లో తిరిగివచ్చారు. వారాల తరబడి సాగే ఓడ ప్రయాణానికి క్రిస్మస్ సెలవులు యే మూలకు? ఆనాటి తలిదండ్రులకు దారి లేదు. మేమో, దారి వుండగానే లేదన్నవాళ్ళము.

ఆ వేసవిలో వాడికి కళాశాల గ్రంథాలయంలో పని దొరికి రాలేకపోయాడు. కాని 2024 డిసెంబరు ప్రయాణానికి జులైలోనే టిక్కెట్టు కొన్నాము. కాగితాల సంగతీ ముందే కనుక్కొన్నాము. పాస్‌పోర్టులో వీసా ముద్రకు గడువు వుండాలి. కళాశాలవారిచ్చే ఐ-20 పత్రం రెండవ పుటలో అక్కడి అధికారి ప్రయాణపు సంతకం చేయాలి. తిరిగివెళ్ళేనాటికి ఆ సంతకానికి యేడాది దాటకూడదు. యీ కాగితాలు చేతిసంచీలోనే వుండాలి గాని, విమానంవారికి అప్పగించే పెట్టెలో పెట్టకూడదు.

హైదరాబాదులో దిగి, మరో విమానంలో విశాఖపట్నం చేరాడు. అక్కడ మేము కలుసుకొని రైలెక్కాము. యెక్కగానే నిద్రపోయినవాడు, పలాసలో జీడిపప్పు కేకలకు కళ్ళు తెరిచాడు. ఇచ్ఛాపురం దాటిందో లేదో, లేచివెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. యింకా పాతిక కిలోమీటర్లున్నదన్నా వచ్చి కూర్చోలేదు.

యిక రెండవ తప్పు. వాడు వచ్చేలోగా వొక పట్టిక తయారుచేశాము: గోపాలపురం సముద్రం, పర్లాకిమిడిలో పెద్దమ్మగారిల్లు, రాయగడలో మేనమామ, పూరీ, బట్టల కొట్టు. యింత సొమ్ము పోసి రప్పించాము గదా, వొక్కపూటా వృథా కాకూడదని!

మూడవనాటి రాత్రి రెండు గంటలకు వంటింట్లో దీపం చూసి లేచాము. వాడి వొంటికి అది యింకా పట్టపగలే. మామ్మకు యెలాగూ నిద్ర పట్టదు. యిద్దరూ పీటలు వేసుకొని కూర్చున్నారు. ఆవిడ చద్దన్నంలో ఆవకాయ కలిపి ముద్దలు పెడుతోంది. "మామ్మా, అక్కడ నన్ను తిట్టేవాళ్ళే లేరు" అంటున్నాడు వాడు. "అందుకా యింతదూరం వచ్చావు? రేపటినుంచి తిడతాలే, తిను" అన్నది ఆవిడ. అడుగుల చప్పుడు కాకుండా వెనుదిరిగి వచ్చి, పొద్దున్నే ఆ పట్టిక చింపేశాము. చుట్టాలే యింటికి వచ్చి చూసివెళ్ళారు. వాడు వీధి అరుగుమీద కూర్చున్నాడు, కొబ్బరి తురిమాడు, తిట్లు తిన్నాడు.

భోగినాడే వాడి కళాశాల తెరుస్తారు గనుక, జనవరి 9వ తేదీనే బయలుదేరాలి. పండుగ అందదే అని మేము నొచ్చుకొంటే మామ్మ వొప్పుకోలేదు. "పండుగంటే మూడు రోజులేనా? నెల పట్టిందగ్గరనుంచీ పండుగే" అన్నది. అయిదవ తేదీన అరిసెలు వండించింది. యింత ముందుగానా అని అడగవచ్చిన పక్కింటి ఒరియా ఆవిడ, సంగతి విని మరునాడు కాకరా పిఠాలు చేసి తెచ్చింది. యెనిమిదవ తేదీ సాయంత్రం పందొమ్మిదేళ్ళవాడిని పీటమీద కూర్చోబెట్టి, పసివాడికి పోసినట్లు మామ్మ భోగిపళ్ళు పోసింది. ఆవిడ చేతికి అందేటట్లు వాడు తల బాగా వంచాడు. వీధిలో పిల్లలు నవ్వుతూ రేగుపళ్ళు యేరుకొన్నారు.

2025 జనవరి 13, భోగి తెల్లవారుజాము. మళ్ళీ ఫోనులో మంట చూపించాము. చూపించేముందు వాడి వెనుక గోడ చూశాము. వాడి గదే. బల్లమీద అరిసెల డబ్బా మూత తీసి వున్నది.

పిల్లలను పంపే తలిదండ్రులకు మా మనవి యిది. సెలవుల ప్రయాణపు ఖర్చును ఫీజుతోపాటే, పంపేనాడే లెక్కలో వేసుకోండి. సెలవుల్లో హాస్టలు తెరిచి వుంటుందో, లేదో ముందే అడగండి. యెంత లెక్క వేసినా రప్పించుకోలేని యేడాది వస్తే, ఆ రోజుల్లో వాడు యెక్కడ పడుకొంటాడో, యేమి తింటాడో కనుక్కొన్న తరువాతనే "అక్కడే వుండు" అనండి. ఫరవాలేదన్నాడని మాత్రం వూరుకోకండి. ఆ మాట నమ్మి మేము వొక సంక్రాంతి పోగొట్టుకొన్నాము.