ఆ మ్యాప్‌కి లామినేషన్ వద్దన్నాను

మన ఇళ్లల్లో ఏ కాగితమైనా విలువైనదని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా అది లామినేషన్ అయిపోతుంది. టెన్త్ మెమో, రేషన్ కార్డు, పెళ్లి శుభలేఖ, దేవుడి పటం... ఏదైనా సరే. నా టెన్త్ మెమో వచ్చిన రోజున మా నాన్న దాన్ని జిరాక్స్ షాపులో ప్లాస్టిక్‌లో పెట్టించి, స్వీట్ బాక్స్‌తో పాటు ఇంటికి తెచ్చారు. పదేళ్ల తర్వాత విదేశీ ఉద్యోగం కోసం దాని మీద స్టాంపు వేయించుకుందామని ఓ ఆఫీసుకి వెళ్తే, "ప్లాస్టిక్ మీద స్టాంపు ఎలా పడుతుంది బాబూ?" అని తిప్పి పంపేశారు. డూప్లికేట్ మెమో కోసం నేను తిరిగిన తిరుగుడు ఇక్కడ రాయను. సంపాదకులు ఇచ్చిన చోటు సరిపోదు.

ఇప్పుడు చెప్పబోయేది మెమో గురించి కాదు, మ్యాప్ గురించి. అంతకుముందు నా పిచ్చి ఏమిటో చెప్పాలి.

నేను వార్‌గేమ్స్ ఆడతాను. ఫోన్‌లో కాదు, టేబుల్ మీద. ఒక పెద్ద కాగితం మ్యాప్ పరుస్తాం. దాని మీద తేనెపట్టులా ఆరు పక్కల గళ్లు ఉంటాయి. అర అంగుళం అట్టముక్కలే సైన్యాలు. పాచికలు వేసి, పట్టిక చూసి, ఎవరు గెలిచారో తేల్చుకుంటాం. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యన్ సైనికాధికారి తయారుచేసిన ఇలాంటి ఆటను అక్కడి సైన్యం తన ఆఫీసర్ల శిక్షణకు వాడుకుంది. 1954లో అమెరికాలో ఛార్లెస్ రాబర్ట్స్ ‘టాక్టిక్స్’ అనే ఆట వేసి దీన్ని మామూలు జనం ఇళ్లల్లోకి తెచ్చాడు. ఆరు పక్కల గడి 1961లో వచ్చింది. చదరపు గడిలో ఐమూలగా జరిగితే నిలువుగా జరిగినదానికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు దూరం వెళ్లిపోతాం. ఆరు పక్కల గడిలో ఎటు జరిగినా దూరం ఒక్కటే. అదీ అందులో కిటుకు.

మన పులిజూదం గళ్లని గుడి అరుగు మీద రాతిలోనే చెక్కేశారు కాబట్టి వాటిని కాపాడాల్సిన బాధ ఎవరికీ లేదు. వార్‌గేమ్‌లకి ఆ అదృష్టం లేదు. చాలావాటిలో మ్యాప్ ఉత్త కాగితమే. 22 అంగుళాలు వెడల్పు, 34 అంగుళాలు పొడవు, ఎనిమిది మడతలు. అట్టకి అంటించి ఇస్తే ధర పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, పార్సిల్ ఖర్చూ పెరుగుతుంది. అందుకని కొనుక్కున్నవాడే తంటాలు పడాలి.

తంటాలు అంటే ఏమిటంటారా? మడతల దగ్గర కాగితం గుట్టలా లేచి ఉంటుంది. దాని మీద పెట్టిన సైన్యం పక్క గడిలోకి జారిపోతుంది. టీ గ్లాసు గుండ్రం ఒక నది మీద శాశ్వతంగా ఉండిపోతుంది. అన్నిటికన్నా పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాన్. ఐదు మీద పెట్టారంటే ఒక డివిజన్ మొత్తం సోఫా కిందకి వెళ్లిపోతుంది. ఫారిన్ యూట్యూబర్లు ఎవరూ ఈ ఫ్యాన్ సమస్య గురించి మాట్లాడరు, గమనించండి.

దీనికి ఆటగాళ్లలో బాగా నడిచే ఉపాయం యాక్రిలిక్ షీట్. నేమ్‌ప్లేట్లు, సైన్‌బోర్డులు చేసే షాపులో కొలత చెబితే కోసిస్తారు. రెండడుగులకి మూడడుగులు, 3 మిల్లీమీటర్ల మందం తీసుకుంటే బరువు రెండు కిలోలు ఉంటుంది. అదే కొలతలో గాజు అయితే అంతకు రెండింతలకు పైనే. పైగా పగిలితే ఇంట్లో తిట్లు. మ్యాప్‌ని మడతలకి ఎదురు తిప్పి ఒకసారి మెల్లగా మడిచి, పరిచి, మీద షీట్ పెడితే చాలు, చదునుగా కూర్చుంటుంది. ఎక్కడా అంటించక్కర్లేదు. ఆట అయ్యాక తీసేసి మళ్లీ పెట్టెలో పెట్టేయొచ్చు. ఒక్క జాగ్రత్త... అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రే యాక్రిలిక్ మీద కొట్టకండి, సన్న సన్న పగుళ్లు వస్తాయి. తడి మెత్తగుడ్డ చాలు.

డైనింగ్ టేబుల్ మీద వేసే పారదర్శక ప్లాస్టిక్ షీటు, మీటర్ల లెక్కన అమ్ముతారే, అది చవక కదా అని చాలామంది దాన్నే వాడతారు. ఒక పూట ఆటకి ఫరవాలేదు. నెలల తరబడి మ్యాప్ మీద వదిలేస్తే మాత్రం ఆ పీవీసీని మెత్తగా ఉంచే రసాయనం బయటికి వస్తుంది, ప్రింటు దానికి అతుక్కుంటుంది. లేజర్ ప్రింటు అయితే మరీనూ. మన ఎండాకాలంలో ఇంకా త్వరగా.

ఇంతవరకూ ఆట సంగతి. ఇక మా ఇంటి సంగతి.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా పోరు మీద వచ్చిన ఒక పాత ఆటని, బెంగళూరులో ఓ పెద్దాయన తన సేకరణ అమ్మేస్తుంటే కొన్నాను. 1970ల నాటిది. ఇప్పుడు ప్రింటులో లేదు. సంక్రాంతికి విశాఖ వెళ్లినప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లి హాల్లో పరిచాను. ఇంకా అట్టముక్కలు సర్దలేదు, షీటూ వెయ్యలేదు. మా నాన్నమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏట్రా ఇది, ఇంత కాయితం పరిసేసినావు?"

"బర్మా మ్యాప్ నాన్నమ్మా."

"బర్మా అంటే రంగమా?"

మా వైపు పాతకాలం వాళ్లకి రంగూన్ అంటే రంగమే. నాన్నమ్మ అక్కడే పుట్టింది. వాళ్ల నాన్న రేవులో కూలి. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చి 8న ఊరు జపాన్ సైన్యం చేతికి వెళ్లింది. ఆ నెలల్లో లక్షల మంది భారతీయులు కాలినడకన స్వదేశానికి బయల్దేరారు. రేవుల్లో, రైస్ మిల్లుల్లో పనిచేసిన తెలుగువాళ్లు వాళ్లలో ఎందరో. నాన్నమ్మకి అప్పుడు ఏడేళ్లు. ఇంతవరకే మాకు తెలుసు. ఎప్పుడడిగినా "నడిసొచ్చీసినాం" అని ఒక్క మాటతో ముగించేసేది.

ఆమెకి ఇంగ్లిష్ చదవడం రాదు. నేను ఊళ్ల పేర్లు పైకి చదివాను. రంగూన్, పెగూ, ప్రోమ్... "ప్రోము! అక్కడే ఏరు దాటినాం" అంది. మ్యాప్ మీద ఇరావతి నది నీలం రంగులో ఉంది. నా చేతిలో స్కోరు రాసుకునే పెన్సిల్ ఉంటే అడిగి తీసుకుంది. ప్రోమ్ దగ్గర మొదలుపెట్టి నది దాటించి, పడమటికి, గోధుమరంగు కొండల గళ్ల మీదుగా, టౌంగప్ అనే ఊరు దాకా వణుకుతున్న చేత్తో గీత గీసింది. అక్కడి నుంచి సముద్రం అంచునే పైకి అక్యాబ్. "అక్కడ పడవెక్కినాం." అప్పట్లో చాలామంది వచ్చిన దారి అదే. ప్రోమ్ నుంచి కొండలు దాటి టౌంగప్, అక్యాబ్, అక్కడి నుంచి చిట్టగాంగ్. దారిలో నీళ్లు లేవు, కలరా ఉంది.

ఆ ఆటలో కొండ గడిలోకి సైన్యం వెళ్లాలంటే మామూలు గడికి మూడింతల ఖర్చు. ఎన్నోసార్లు విసుక్కుంటూ ఆ లెక్క కట్టాను.

కొండల మధ్యలో, రెండు గళ్ల సరిహద్దు మీద, నాన్నమ్మ చిన్న సున్నా చుట్టింది. "ఇక్కడ మా సెల్లి పోయింది" అంది. ఆమెకో చెల్లెలు ఉండేదని మా నాన్నకే తెలియదు. ఆ పిల్ల పేరు నాన్నమ్మ ఆ రోజు చెప్పింది. ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు.

ఆ రాత్రి మా నాన్న భోజనం దగ్గర అన్న మొదటి మాట, "రేపు పొద్దున్నే లామినేషన్ చేయించేయ్."

ఆయన మనసు నాకు అర్థమైంది. విలువైన కాగితం విషయంలో ఆయనకి తెలిసిన ప్రేమ అదే. కానీ నేను వద్దన్నాను. రెండు రోజులు ఇంట్లో అదే చర్చ.

హాట్ లామినేషన్ అంటే పాలియెస్టర్ పొర లోపల జిగురు పూత ఉంటుంది. మెషిన్ వంద డిగ్రీలు దాటిన వేడితో దాన్ని కరిగించి కాగితంలోకి అదుముతుంది. ఇక అది వెనక్కి రాదు. ప్లాస్టిక్ లాగితే కాగితం పై పొర, దాని మీది ప్రింటు, పెన్సిల్ గీత అన్నీ ఊడొస్తాయి. వేడి లేని కోల్డ్ లామినేషనూ ఉంది, ఫ్లెక్సీ షాపుల్లో ఫొటోలకి వేస్తారు. దానికీ జిగురే ఆధారం, అదీ అంతే. పైగా మన మ్యాప్ పొడవు 34 అంగుళాలు, అంటే 86 సెంటీమీటర్ల పైమాట. ఏ1 సైజు పొడవు 84 సెంటీమీటర్లే. అంచు కత్తిరిస్తే గానీ ఏ1 పౌచ్‌లో పట్టదు. వేడికి మధ్యలో ఒక గాలి బుడగ నిలిచిందంటే, అది సరిగ్గా ఆ సున్నా దగ్గర నిలిస్తే?

"మరి చెదలు పట్టిపోతే? నీళ్లు పడితే?" అన్నారు నాన్న. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ కాలపు చవక కాగితంలో ఆమ్లం ఉంటుంది, అది లోపల్నుంచే పసుపెక్కిస్తుంది. ప్లాస్టిక్ వేసినా అది ఆగదు, లోపలే ఉండిపోతుంది.

ఈ గొడవ మా ఇంటిది మాత్రమే కాదు, పెద్ద పెద్ద గ్రంథాలయాలు కూడా పడ్డాయి. 1930లలో అమెరికాలో విలియం బారో అనే ఆయన పాత పత్రాల్ని సెల్యులోజ్ ఎసిటేట్ పొరల మధ్య పెట్టి వేడిగా అదిమే పద్ధతి మొదలుపెట్టాడు. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ వాళ్లు మెషిన్ లేకుండా ఎసిటోన్‌తో చేత్తోనే చేసే పద్ధతి కనిపెట్టారు. ఎన్నో పత్రాలు ఆ పొరల్లోకి వెళ్లాయి. తర్వాత కొన్నిటిని బయటికి తీయాల్సి వచ్చినప్పుడు తెలిసింది కష్టం. ఆ తర్వాత వచ్చిన పద్ధతిలో కాగితానికి ఏదీ అంటించరు. రెండు పాలియెస్టర్ షీట్ల మధ్య ఉత్తినే పెట్టి, షీట్ల అంచుల్ని మాత్రం ఒకదానికొకటి అతికిస్తారు. కావాలంటే అంచు కోస్తే కాగితం ఎలా వెళ్లిందో అలా బయటికొస్తుంది.

నేనూ అదే చేద్దామనుకున్నాను. కానీ పాలియెస్టర్‌కి స్టాటిక్ ఎక్కువ. దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు, పొడిపొడిగా ఉండే గీతల్ని అది లాగేసుకోగలదు. బొగ్గు బొమ్మలకి, పాస్టెల్ బొమ్మలకి అందుకే వాడరు. మా నాన్నమ్మ గీసింది మెత్తటి పెన్సిల్. ఆ సాహసం నేను చెయ్యలేదు. ఆమ్లం లేని తెల్ల కాగితాలు రెండు తెప్పించి, మధ్యలో మ్యాప్ పెట్టి, పెద్ద అట్ట ఫోల్డర్‌లో మడత లేకుండా పడుకోబెట్టాను. దివాన్ పెట్టెలో, దుప్పట్ల పైన. వానాకాలంలో చెమ్మ తగలకుండా అప్పుడప్పుడూ తీసి చూడాలి, అంతే. చిరిగిన మడతకి సెల్లోటేప్ వేస్తానన్న మా తమ్ముణ్ణి మాత్రం ఆ గదిలోకే రానివ్వలేదు.

దానికి ముందు ఇంకో పని చేశాను. ఇంజినీరింగ్ డ్రాయింగులు స్కాన్ చేసే షాపులో దాన్ని అసలు సైజులో స్కాన్ చేయించాను. షాపు కుర్రాడు రోలర్ మెషిన్‌లోకి తోసేయబోతే, ముందు ఒక పారదర్శక కవర్‌లో వదులుగా పెట్టమని బతిమాలాను. పెట్టాడు, పాపం. ఆ స్కాన్ నుంచి కాపీలు తీయించాం. ఇప్పుడు నేను ఆడేది కాపీ మీద. దానికి లామినేషన్ కూడా ఉంది, మ్యాట్ ఫినిష్‌లో. మెరిసేది అయితే లైటు కళ్లలో కొడుతుంది, అట్టముక్కలు జారతాయి. అంచులు కొంచెం తెల్లగా వదిలి ప్రింట్ చేయించాం కాబట్టి కత్తిరింపు బాధ లేదు. లామినేషన్ చేసిన మ్యాప్ మడిస్తే విరుగుతుంది, గొట్టంలా చుట్టాల్సిందే. చుట్టింది విప్పితే మళ్లీ చుట్టుకుంటుంది. నాలుగు మూలలా నాలుగు డిక్షనరీలు పెట్టాలి. అయినా పాడైతే ఇంకోటి తీయించుకుంటాను.

నాన్న కూడా ఒక కాపీ తీసుకున్నారు. తళతళలాడే గ్లాసీయే కావాలన్నారు. హాల్లో, టీవీ పక్కన వేలాడదీశారు. బాబాయిలు ఇద్దరూ, రాజమండ్రి అత్తా వాట్సాప్‌లో చూసి తమకీ కావాలన్నారు. అందరికీ లామినేషన్ చేయించి కొరియర్ చేశాం. ఆ రోజు మా నాన్న ఎంత సంతోషంగా ఉన్నారంటే, జిరాక్స్ షాపతనికి కూడా స్వీట్లు పెట్టారు.

మొన్న ఉగాదికి వెళ్లాను. నాన్నమ్మ హాల్లో గోడ మీది కాపీ ముందు నిలబడి, పెన్సిల్‌తో ఏదో గియ్యబోతోంది. పెన్సిల్ జారిపోతోంది.

"ఇది గీసుకోదేట్రా?"

"అది ప్లాస్టిక్ నాన్నమ్మా."

"అయితే అసల్ది తియ్యి. ఏరు దాటిన కాడ మాకు రెండు పూటలు బువ్వెట్టినోళ్ల ఊరు గురుతొచ్చింది."

దివాన్ మీద పరుపు ఎత్తి, ఫోల్డర్ తీసి, బల్ల మీద పరిచాను. ఫ్యాన్ ఆపేశాను.