చీపురుపల్లి రాయి, ఆరు సిలిండర్ల కారు

విజయనగరంలో శ్రీకాకుళం వైపు వెళ్ళే రైలెక్కితే, గరివిడి దాటగానే చీపురుపల్లి వస్తుంది. పిల్లలూ, ఈ ప్రాంతంలో నల్లని రాయి ఏదైనా కనబడితే చేతిలోకి తీసుకుని చూడండి. పిడికెడే అయినా చెయ్యి కిందికి లాగేస్తుంది. అది మాంగనీసు ఖనిజం. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో ఈ చుట్టుపక్కలనే మొదలయింది. ఇక్కడి కోడూరు గని పేరునుబట్టే ఫెర్మోర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒక జాతి రాతికి "కోడూరైట్" అని పేరు పెట్టాడు.

ఈ రాయి ఎందుకు పనికివస్తుంది? ఉక్కులో గంధకం మిగిలిపోతే, ఎర్రగా కాల్చి సాగగొట్టేటప్పుడు అది పగుళ్ళిస్తుంది. మాంగనీసు ఆ గంధకాన్ని తనలో కలుపుకుని ఉక్కును కాపాడుతుంది. అందుకే ఉక్కు కర్మాగారాలకు ఫెర్రో మాంగనీసు కావాలి. అటువంటి లోహాలు తయారుచేసే కర్మాగారం 1950లలో గరివిడిలో వెలిసింది.

ఉక్కుకు గట్టి పరీక్ష పెట్టేది మోటారుకారులోని క్రాంక్‌షాఫ్టు. సిలిండర్లలో పెట్రోలు ఆవిరి మండినప్పుడల్లా దాని మీద ఒక దెబ్బ పడుతుంది. ఒకే రోట్లో ఇద్దరు దంచేటప్పుడు రోకళ్ళు వంతులవారీగా పడతాయి కదా! ఆరు సిలిండర్ల ఇంజనులో ఆరు రోకళ్ళన్నమాట. షాఫ్టు రెండు చుట్లు తిరిగేలోగా ఆరు దెబ్బలు, అంటే చుట్టులో మూడోవంతు తిరిగేసరికి ఒక దెబ్బ పడుతుంది. అందువల్ల కారు కుదుపు లేకుండా మెత్తగా సాగుతుంది.

అటువంటి కారు హైదరాబాదులో ఉన్నది. అది నిజాం ప్రభువుల రోల్స్ రాయిస్ "సిల్వర్ ఘోస్ట్", 1912 నాటిది. పసుపుపచ్చ రంగు, వెనక సింహాసనం లాంటి ఎత్తయిన ఆసనం. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దాన్ని చేయించమన్నాడు కాని, ఆయన 1911లోనే కన్నుమూశాడు. చాలాకాలం కదలక పడివున్న ఆ కారును తరవాత బాగుచేయించి, చౌమహల్లా రాజప్రాసాదంలో ప్రదర్శనకు ఉంచారు.

పాత కారును బాగుచేయడం ఒకటి, వేగం కోసం మార్చడం మరొకటి. 1911లో రోల్స్ రాయిస్ వారే ఒక సిల్వర్ ఘోస్ట్‌ను మార్చారు. పెట్రోలు ఆవిరిని మరింత బిగించి నొక్కేటట్టు చేశారు. పెద్ద కార్బ్యురేటరు పెట్టారు. ఆ కారు లండన్ నుంచి ఎడింబరో దాకా ఒక్క టాప్ గేరులోనే వెళ్ళింది. తేలికపాటి బాడీ తొడిగితే గంటకు 100 మైళ్ళు దాటి పరుగెత్తింది!

మరి నిజాం కారును కూడా అలా మార్చవచ్చునా? ఆ 1911 కారు అప్పటికి కొత్తది, చేసినవారే మార్చారు. ఏదైనా చెడితే మరొక భాగం పోతపోసుకోగలరు. పాత ఇంజనుకు అటువంటి భాగాలు దొరకవు. నొక్కుడు పెరిగినకొద్దీ దెబ్బ బలం పెరుగుతుంది. ఆ బలం నూరేళ్ళ షాఫ్టు మీదా, బేరింగుల మీదా పడుతుంది. సిలిండరును తొలిచి వెడల్పు చేస్తే, తీసేసిన లోహం తిరిగి రాదు. అందుకే తెలిసిన మెకానిక్కు, విప్పితే మళ్ళీ పాతరూపానికి వచ్చే మార్పులే చేస్తాడు. తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి దాచిపెడతాడు.

చీపురుపల్లి ప్రాంతంలో గనులు తవ్విన గోతులు చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. తవ్వి తీసిన మాంగనీసు మళ్ళీ ఆ గోతిలో పెరగదు. కనుక దానితో చేసిన ఉక్కు వస్తువును, అది కారయినా సైకిలయినా, పదికాలాలపాటు పనిచేయించుకోవడమే తెలివైనవాడి లక్షణం.