కంచు కాసు



బంగారు కాసులను గూర్చి వ్రాసినచో మనలో ననేకులు మక్కువతో జదువుదురు. కాని యిల్లు నడపునది చిల్లరయే గదా! కావున ప్రాచీన గ్రీకు నగరమగు ఏథెన్సువారి చిల్లరను గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందును.

బాల్యమున మా నాయనగారు లీలావతీగణితము చెప్పుచు, పదునాఱు పణములొక ద్రమ్మమని వల్లెవేయించిరి. ఆ ద్రమ్మము గ్రీకుల ద్రాఖ్మా యను మాటనుండి వచ్చినదని పిదప దెలిసికొంటిని. ఏథెన్సున ద్రాఖ్మాకు ఆఱు ఒబోలులు. ఒబోలునకు ఎనిమిది ఖల్కూసులు. వెండి ఒబోలు తూకము ముప్పాతిక గ్రామునకు మించదు. అందు పావువంతు నాణెము కందిబద్దంత యుండును. జారిపోవునను భయమున జనులు వానిని నోట నుంచుకొని యంగడికేగుచుండిరి!

క్రీ. పూ. 406 ప్రాంతమున, స్పార్టాతోడి యుద్ధములో వెండి చాలక, ఏథెన్సువారు వెండిపూత పూసిన రాగి నాణెములు వేసిరి. పురము చెల్లునన్నంతవఱకే యవి ధనము. తరువాత అరిస్టొఫనీసు వ్రాసిన యొక నాటకమున, ద్రాక్షపండ్లమ్మినవాడొకడు నోటినిండ రాగి కాసులతో పిండి కొనబోవగా, రాగి యిక చెల్లదను చాటింపు వినవచ్చును. మన పావలాకును 2011 జూన్ 30 తరువాత నదే గతి పట్టెను. నా పోపులపెట్టె యడుగున నట్టివి కొన్ని యింకను గలవు.

క్రీ. పూ. 4వ శతాబ్దపు నడుమ నిత్యవ్యవహారమునకు నిజమైన కంచు నాణెములు వెలువడెను. ఒకవైపున పురదేవత అథీనా శిరస్సు, రెండవవైపున నామె పక్షియగు గుడ్లగూబ. నాణెముపై నాఁడుదేవత, చట్టములో మాత్రము ఆఁడుదానికి మెడిమ్నము యవల వెలకు మించిన బేరము చేయు హక్కు లేదు. మెడిమ్నమనగా రమారమి 52 లీటర్ల కొలత. చిల్లరయే యామె రాజ్యము.

ఆ రాజ్యమునను స్వేచ్ఛ యెంత? థియొఫ్రాస్టసు చిత్రించిన లోభి, భార్య మూడు ఖల్కూసుల కాసు జాఱవిడువగా, కుండలు, మంచములు, పెట్టెలు కదలించి వెదకును. చదువరులు నవ్వుదురు. ఆ గడబిడ నడుమ తలవంచి నిలిచిన యిల్లాలిని తలచిన నాకు నవ్వు రాలేదు.

1931 మొదలు ఏథెన్సు అంగడివీథిలో జరిగిన త్రవ్వకములలో వేలకొలది కంచు కాసులు దొరకినవి. వానిలో నిట్టి యిల్లాండ్ర చేయి జాఱినవెన్నియో! కాసు కాసునకును మనలను లెక్క యడుగువారు, పొలము కొనునపుడును, అప్పు తెచ్చునపుడును మన మాట యడుగుట న్యాయము కాదా?