విగ్గుతో నిద్రపోవచ్చునా?

విగ్గు అనగానే మనకు మొదట నవ్వు వస్తుంది. సినిమాలో హాస్యనటుని విగ్గు గాలికి ఎగిరిపోతే పగలబడి నవ్వినవారమే అందరమూ. రాత్రి పడుకొనేటప్పుడు దానిని తీయాలా, ఉంచుకోవాలా అన్న ప్రశ్న మాత్రం మా ఇంటిలో నెలల తరబడి నడిచింది. అప్పుడు ఎవరమూ నవ్వలేదు.

2023లో మా చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. మదురైలో ఉండే ఆమె చికిత్స కోసం పోదనూరుకు, మా ఇంటికి వచ్చింది. కోడలు, నాలుగేళ్ల మనుమరాలు వెంట వచ్చారు. కీమోథెరపీ మొదలైన 2 నుంచి 4 వారాలలో జుట్టు రాలడం మామూలు. ఆమెకు మూడో వారంలో దువ్వెన నిండా వచ్చేసింది. అసలు జుట్టుతో చేసిన విగ్గు ఒకటి కొన్నాము. ఆమె దానిని పగలూ తీయలేదు, రాత్రీ తీయలేదు. తెల్లవారితే దిండు చెమటతో తడిసి ఉండేది. "తీసేసి పండుకోరాదా అమ్మా?" అంటే, "పాప లేచి చూస్తే జడుసుకొంటుంది అన్నా" అనేది.

ఈ విషయంలో మన ఆడవారికి పాత అనుభవమే ఉంది. మా అవ్వ సవరం పెట్టి జడ వేసుకొనేది. తమిళులు దానినే సవురి అంటారు. రాత్రి భోజనాలయ్యాక దానిని విప్పి, చిక్కు తీసి, తలుపు వెనక మేకుకు తగిలించేది. "పగలంతా మోసిన తల, రేత్రికైనా బరువు దించుకోవద్దా?" అనేది. బిగించిన జడ వెంట్రుకలను కుదుళ్ళ దగ్గర లాగుతూనే ఉంటుంది. అలా ఏళ్ళ తరబడి లాగితే నుదుటి పైభాగం పలచబడుతుందని చర్మవైద్యులు కూడా చెబుతారు.

నేను కామర్సు చదివి బ్యాంకులో పనిచేసేవాణ్ణి కనుక నాకు ఇది తరుగుదల లెక్కగా కనిపిస్తుంది. తలమీద మొలిచిన వెంట్రుకకు కుదురు నుంచి జిడ్డు అందుతుంది, తెగినా మళ్ళీ పెరుగుతుంది. విగ్గులోని వెంట్రుకకు ఆ రాబడి లేదు. ఉన్నది మూలధనం ఒక్కటే. రాత్రంతా దిండుకు రాసుకొని చిక్కుపడి తెగితే పోయినది పోయినట్టే. ఇక దాని కింద ఉన్న తల సంగతి: చెమట ఆరదు, దురద పుడుతుంది, క్లిప్పులు ఒత్తుకొంటాయి. మందులతో సున్నితమైన చర్మం ఇంకా త్వరగా కందుతుంది. మెత్తని నూలు టోపీ చాలు, చలికీ అదే, దిండు ఒరిపిడికీ అదే. కృత్రిమ దారంతో చేసిన విగ్గయితే ఇంకొక జాగ్రత్త ఉంది. దానితోనే నిద్రలేచి వంటింటికి వెళితే పొయ్యి సెగకే ముడుచుకుపోతుంది. మగవారు కొందరు జిగురుతో అతికించుకొనే రకం వేరు. అది కొన్ని వారాలు తీయకుండా ఉంచుకొనేందుకే చేసినది. అయినా చర్మం ఎర్రబడితే తీయించుకోవలసిందే.

ఇదంతా మా చెల్లెలికి చెప్పాము. విన్నది, తీయలేదు. లెక్క తెలియక కాదు గదా ఆమె ఉంచుకొన్నది!

తిరుమల కల్యాణకట్టలోనూ, మనకు దగ్గరి పళనిలోనూ భక్తులు ఇచ్చిన జుట్టు వేలంలో అమ్ముడై, విగ్గులై దేశదేశాలకు పోతుంది. యూదులలో సంప్రదాయం పాటించే పెళ్ళయిన స్త్రీలు పరాయివారికి తమ జుట్టు కనబడకుండా విగ్గు పెట్టుకొంటారు. ఆ జుట్టు మన గుళ్ళ నుంచి వచ్చినదని 2004లో వారి మతపెద్దలు అభ్యంతరం చెప్పగా, న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో కొందరు విగ్గులను వీధిలో తగులబెట్టారు. అక్కడ కూడా విగ్గు పరాయివారి కోసమే.

పళనిలో గుండు చేయించుకొన్న ఆడవారు చందనం పూసుకొని, అదే రైలులో మన మధ్య కూర్చొని వస్తారు. వారికి సిగ్గు లేదు, చూచేవారికి జాలి లేదు. నాకు నలభై ఏళ్ళకే బట్టతల వచ్చింది. బ్యాంకుకు వచ్చేవారెవరూ కన్నీరు పెట్టలేదు. ఇచ్చిన జుట్టుకు గౌరవం, మగవానికి పోయిన జుట్టుకు వేళాకోళం, రోగం తీసుకొన్న ఆడదాని జుట్టుకు మాత్రం గడియ వేసిన తలుపు. ఈ తేడా మనం పెట్టినదే.

మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కకు తాళలేక చెల్లెలు విగ్గు తీసి పక్కన పెట్టింది. మనుమరాలు లేచి, టార్చి వెలుగులో చూచింది. కొంచెంసేపు ఆలోచించి, "అవ్వా, నీ తల తాత తల మాదిరే ఉంది" అని, వచ్చి నా తలను ఒకసారి, ఆమె తలను ఒకసారి తడిమి, మళ్ళీ పడుకొంది. మరునాటి నుంచి మా ఇంటావిడ అలమారలో ఇత్తడి చెంబు ఒకటి బోర్లించి పెట్టింది. రాత్రిళ్ళు విగ్గుకు అదే తల అయింది.

ఎవరయినా అడిగితే నేను చెప్పేది ఇదే. విగ్గుతో నిద్రపోవడం తెలివైన పని కాదు, తీయమనండి. కాని తీయమని చెప్పేముందు, తీస్తే చూచే కళ్ళు ఎలా ఉంటాయో ఇంటిలోవారు చూచుకోవాలి. ఇంటిని మనం తల దాచుకొనే చోటు అంటాము. ఆ చోట తలను దాచవలసిన అవసరం రాకూడదు.