చక్రము వెనుక మనిషి



పలమనేరులో ఒక విశ్వాసి ఇంటికి ప్రార్థనకు వెళ్ళినప్పుడు గోడ మీద ఒక పాత ఫోటో చూశాము. అందులో మనుష్యులెవరూ లేరు. ఇనుప గోపురము, దాని కొన మీద పెద్ద చక్రము. అది కోలారు బంగారు గనులలోని ఒక షాఫ్టు.

"అవ్వా, తాత ఫోటో పెట్టక ఈ చక్రము పెట్టుకున్నారేమి?" అని అడిగాము.

"ఆ చక్రం తిరిగితేనే గదయ్యా మా ఆయన పైకొచ్చేది" అన్నది అవ్వ.

ఆ మాట మమ్మల్ని చాలా దినములు వెంటాడింది. ఇనుప తాడు ఆ చక్రము మీదుగా పోయి కార్మికులున్న బోనును భూగర్భములోనికి దించేది, మరల పైకి లాగేది. అక్కడి చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లకు పైమాటే. మన చిత్తూరు జిల్లా వారెందరికో అన్నము పెట్టిన ఆ గనులు 2001లో మూతబడ్డాయి.

తొలినాటి ఫోటోలలో యంత్రభాగములు తరచు మనిషి గొప్పతనమునకు గుర్తులు. 1857లో లండనులో రాబర్ట్ హౌలెట్ అనే ఫోటోగ్రాఫరు, గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌకను నిర్మిస్తున్న ఇంజనీరు బ్రూనెల్‌ను బ్రహ్మాండమైన గొలుసుల ముందు నిలబెట్టి ఫోటో తీశాడు. జేబులలో చేతులు, నోటిలో చుట్ట! చూచువారికి అది విజయమే. కాని ఆ నవంబరులో ఓడను నీటిలోనికి దించబోతే అది కొద్దిగా కదిలి ఆగిపోయింది. 1858 జనవరి 31న గాని నీట దిగలేదు. మరుసటి యేడే బ్రూనెల్ కన్నుమూశాడు.

1920లో అమెరికాలో లూయిస్ హైన్ తీసిన ఫోటో వేరు. ఆవిరి పంపు యొక్క గుండ్రని ఇనుము మధ్య ఒక కార్మికుడు నడుము వంచి, రెంచీతో పని చేస్తుంటాడు. యంత్రమును నడిపేది మనిషేనని చూపాలని హైన్ ఆశ. అయినా ఆ వంగిన వీపును చూస్తే, ఎవరు ఎవరికి దాసులో అనిపిస్తుంది.

అవ్వ చక్రములో గర్వమూ లేదు, దాస్యమూ లేదు. ఎదురుచూపు ఉంది. యెహెజ్కేలు ప్రవక్త దర్శనములో చక్రములను కదిలించినది వాటిలోని ఆత్మయే గదా! ఈ చక్రములోను ఒక ప్రాణమున్నది. మేము మాత్రము ఆ ఫోటోలో మనిషి లేడనుకొన్నాము. కాపరులమై యుండి చూడలేకపోయాము.

మన సంఘములో కర్మాగారములకు వెళ్ళే బిడ్డలున్నారు. యంత్రము ఎంత తయారు చేసిందని లోకము అడుగుతుంది. నీవు క్షేమముగా ఇల్లు చేరావా అని మనము అడుగుదము. అట్టి కన్నులు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.