గోడమీది తాతగారు

ఏటా ఆగస్టు 29 వచ్చిందంటే మా తెలుగు శాఖలో నాకు చేతినిండా పని. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. అధ్యక్షులవారికి శాలువా, పిల్లలకు వ్యాసరచన పోటీ, చిట్టచివర నా ఉపన్యాసం. పదిహేనేళ్ళనుంచీ ఆ ఉపన్యాసం ఒక్కటే. చప్పట్లకోసం ఎక్కడెక్కడ ఆగాలో గూడా కాగితంమీద గుర్తు పెట్టుకున్నాను. గ్రాంథికవాదులతో పంతులుగారు చేసిన యుద్ధమంతా అందులో ఉంటుంది. మూడో పేజీలో మాత్రం ఒక చిన్న వాక్యం: "వారు సవరభాషకు గూడా ఎనలేని సేవ చేశారు." అంతే. ఆ పైన మళ్ళీ వ్యావహారిక వాదమే.

కిందటేడు సభ ముగిసింది. కుర్చీలు సర్దుతున్నారు. రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి వచ్చి బల్లపక్కన నిలబడింది. సీతంపేట కొండలమీది సవర పిల్ల. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. క్లాసులో నోరు విప్పగా నేనెన్నడూ చూడలేదు.

"మేష్టారూ, ఆ పంతులుగారు మా భాష నేర్చుకున్నారన్నారు గదండీ. మా మాట ఒక్కటి చెప్పండి, వింటాను" అంది.

నాకు రాదు. సిక్కోలు జిల్లాలో పుట్టి, సంతలో సవరల దగ్గర చింతపండూ, కొండచీపుళ్ళూ బేరమాడి పెరిగినవాణ్ణి. తెలుగులో ఎం.ఏ. పుచ్చుకున్నవాణ్ణి. సవరలో "నీళ్ళు" అనే మాటైనా రాదు. "రేపు చెబుతానమ్మా" అన్నాను. రేపటికి గూడా రాదని ఆ పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ సిగ్గుతోనే లైబ్రరీలో కూర్చున్నాను. 1863లో పుట్టిన పంతులుగారు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా చేరారు. కొండలు దిగి వచ్చే సవరల మాట చెవిని పడింది. నేర్చుకుందామంటే పుస్తకం లేదు, లిపి లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. క్వినైను మింగితే జ్వరం తగ్గింది గాని, వినికిడి పోయిందంటారు. ఒక జాతి మాట వినడానికి వెళ్ళిన మనిషికి చెవులు పోయాయి! అయినా మానలేదు. సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు.

మరొక సంగతి నన్ను నిలవేసింది. సవర మన ద్రావిడ భాష కాదు. ముండా కుటుంబానిది. సంతాలీ దానికి దగ్గర చుట్టం, కంబోడియాలోని ఖ్మేరు దూరపు చుట్టం. మన గుమ్మంముందు నిలబడి చీపుళ్ళు అమ్మే మనిషి నోట అంత దూరపు చుట్టరికం గల భాష ఉందని నలభై దాటాక తెలుసుకున్నాను.

ఆ అమ్మాయితో స్నేహం కుదిరింది. ఒకనాడు, "మేష్టారూ, మా భాషలో వ్రాయడానికీ, గీయడానికీ ఒక్కటే మాటండీ. ఇడ్ అంటాం" అంది. సవరలు గోడమీద వేసే బొమ్మను ఒడిశా వైపు ఇడితాల్ అంటారు. అంటే గోడమీది వ్రాత. నేను కుర్చీలోంచి లేచినంత పనిచేశాను. మన పాత తెలుగులోనూ అంతే గదా! చిత్తరువు వ్రాయటమనే అన్నారు పెద్దలు. అక్షరం వేరు, బొమ్మ వేరు అనుకోవడం మనం తరువాత నేర్చుకున్న తెలివి.

"మా ఇంట్లో ఉందండీ ఒకటి. వేసవిలో పడగొట్టేస్తారు. వచ్చి చూడండి" అంది.

సంక్రాంతి వెళ్ళాక, కొండమీద కందులు ఇంటికి వచ్చే రోజుల్లో వెళ్ళాను. సవరలు కందికొత్తల పండుగ చేసి, దేవతకూ, పెద్దలకూ పెట్టనిదే కొత్త కంది నోట పెట్టరు. సీతంపేట దాకా బస్సు, అక్కణ్ణుంచి జీపు, ఆ పైన కాళ్ళు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా. 2022కు ముందు మా శ్రీకాకుళంలోదే.

మట్టి ఇల్లు. లోపల చీకటి. కళ్ళు అలవాటుపడ్డాక గోడ కనిపించింది. ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండి కలిపిన నీళ్ళతో, నమిలి కుంచె చేసిన పుల్లతో వ్రాశారు. చుట్టూ చదరంగా ఒక గీత. అదే ఇంటి హద్దు. లోపల మనుషులు, రెండు ముక్కోణాలు మొనలు కలిపితే ఒక మనిషి. గుర్రంమీద ఒకడు, ఏనుగుమీద ఒకడు, కావడి మోసేవాడొకడు, చెట్టు, చెట్టుమీద కోతులు, పైన సూర్యచంద్రులు. ముందర ఒక సొరకాయ బుర్ర వేలాడుతోంది.

నేను పండితుణ్ణి గదా, అలంకారశాస్త్రం మొదలుపెట్టాను: "ఎంత చక్కని కూర్పమ్మా!"

అమ్మాయి నెమ్మదిగా, "అది బొమ్మ కాదండీ, ఇల్లు. మా తాత అందులో ఉన్నాడు" అంది.

సవరలకు చనిపోయినవారు వెళ్ళిపోయినవారు కారు. కుడాన్ అనే మనిషి, మగవారైనా కావచ్చు, ఆడవారైనా కావచ్చు, పూనకంలో వాళ్ళ గొంతుతో పలుకుతాడు. ఇంట్లో జ్వరం వచ్చినా, పంట తప్పినా, ఏ పెద్దకు ఏం లోటైందో అడుగుతారు. ఆ పెద్ద తనకు గోడమీద ఇల్లు కావాలంటే వ్రాసి ఇస్తారు. బొమ్మలో ఏమేమి ఉండాలో చెప్పేది గూడా ఆయనే. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చువేసిన సవరల గ్రంథంలో ఈ గోడలనుగూర్చి విస్తారంగా వ్రాశాడు. వాటిమీద విమానాలు గూడా ఎక్కాయి. చూసినదల్లా పెద్దల వైభోగంలో చేరవలసిందే!

ఆ ఇంటికి స్లాబు ఇల్లు మంజూరైంది. వేసవిలో పాతది పడగొట్టాలి. తండ్రికి సంతోషం, వానాకాలం ఎన్నిసార్లు కప్పు కారిందో ఆయనకు తెలుసు. ముసలమ్మ మాత్రం రెండు నెలలుగా సరిగా తినడం లేదట.

నాకు తోచిన ఉపాయం చెప్పాను. "దీన్ని చక్కగా ఫోటో తీయిస్తాను. పెద్ద గుడ్డమీద అచ్చంగా వ్రాయిస్తాను. మా కాలేజీలో అద్దం బిగించి పెడతాం. వందేళ్ళు ఉంటుంది."

అమ్మాయి సవరలో చెప్పింది. ముసలమ్మ నావంక చాలాసేపు చూసింది. తరువాత తనకు వచ్చిన తెలుగులోనే అడిగింది:

"ఆడ ఆయనకి అంబలి ఎవుల్ పోత్తారు బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. మా నాన్నగారు పోయిన మూడో ఏట అన్నదమ్ములం కలిసి ఊళ్ళో ఇల్లు అమ్మేశాం. ఆయన కూర్చునే అరుగు, పేపరు చదువుతూ తల ఆనించిన నూనె మరక గోడ, అన్నీ రిజిస్ట్రారు ఆఫీసులో ఒక్క సంతకంతో పోయాయి. ఆయన ఫోటో నా గదిలో ఉంది, దండ మార్చి ఎన్నాళ్ళైందో. ఆ ఇల్లు అమ్మేముందు ఆయన ఎక్కడ ఉంటారన్న ప్రశ్న మాలో ఒక్కరికీ రాలేదు.

బొమ్మలకు విలువ లేక కాదు. లాంజియా సవరల చిత్రాలకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పట్నాల్లో చీరలమీదా, సంచులమీదా అమ్ముతున్నారు, కొంతమందికి కూడు పెడుతున్నాయి. మంచిదే. కాని కొండల్లో గోడలు ఖాళీ అవుతున్నాయి. పిల్లలు వేరే మతాల్లోకీ, వేరే ఊళ్ళకూ వెళుతున్నారు. పియర్స్ విటెబ్‌స్కీ అనే పండితుడు ఒడిశా సవరలు మృతులతో జరిపే సంభాషణలమీద 1993లో ఒక పుస్తకం వ్రాశాడు. 2017లో మళ్ళీ వ్రాసిన పుస్తకం, ఆ సంభాషణ ఆగిపోవడాన్ని గురించి. వెళ్ళేవాళ్ళను తప్పుపట్టడానికి నేనెవణ్ణి? పెద్దలు అడిగే దున్నపోతులకు అప్పులైన ఇళ్ళు గూడా ఉన్నాయి.

వేసవి శలవుల తరువాత అమ్మాయి కనిపించింది. తాతను అడిగారట. కుడాన్ గొంతుతో తాత చాలాసేపు కోపపడ్డాడట, స్లాబుకింద ఉడికిపోతానన్నాడట, మనవరాలి పెళ్ళి ఊసెత్తి ఏడ్చాడట. చివరకు, తనకూ ఒక గోడ ఇస్తే వస్తానన్నాడు. మేస్త్రీ నవ్వాడు గాని, లోపలి గదిలో ఒక గోడకు సున్నం వేయకుండా వదిలాడు. సిమెంటుమీద ఎర్రమట్టి నిలవక రెండుసార్లు రాలిపోతే, పేడ కలిపి మూడోసారి అలికారు.

"మరి బొమ్మ ఎవరు వ్రాశారమ్మా?"

"వ్రాసే ముసలాయన కిందటేడే పోయాడండీ. మామ్మ చెబుతుంటే నేనే వ్రాశాను. గుర్రం సరిగా రాలేదు, మేకలా వచ్చింది. తాతకి సంతకెళ్ళే బస్సంటే ఇష్టం. అదీ వేశాను."

ఈ ఏడు ఆగస్టు 29న ఉపన్యాసం నేను చేయలేదు. ఆ అమ్మాయి మాట్లాడింది, మొదట సవరలో, తరువాత తెలుగులో. సవరలో మాట్లాడినంతసేపూ సభలో ఒక్కరికీ అర్థం కాలేదు. నేను గూడా ఊరికే వింటూ కూర్చున్నాను. నడుమ ఒక్కచోట "ఇడ్" అన్న మాట చెవిని పడింది. అది మాత్రం నాకు తెలుసు.